గాలి లేదనుకున్న చోట

పోయిన వారం మన గాలమ్మను కంట్రోల్ రూములో కూర్చోబెట్టి, తలుపు వేసి వచ్చేశాం. ఈ వారం రోజుల్లో మీరూ నేనూ ఎన్ని పనులు చక్కబెట్టుకున్నామో గానీ, పాపం ఆమె అక్కడే, అదే కుర్చీలో, శాలువా అంచు వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చుని ఉంది. తలుపు మీది ఎర్రలైటు ఆమెకు ఇప్పుడే వెలిగింది.

కొత్తగా వచ్చి చేరినవారికి నాలుగు మాటలు చెప్పాలి. గాలమ్మ ఆమె అసలు పేరు కాదు. ఉపగ్రహాల కక్ష్యలు లెక్కకట్టే ఆ ఆఫీసులో గాలి రాపిడి సంగతి చూసేది ఆమె కాబట్టి అందరూ అలా పిలుస్తారు. అంత ఎత్తున గాలేమిటని మాత్రం ఆమెను అడక్కండి, గంటసేపు చెబుతుంది. ఉంది, కాస్త ఉంది. మనం పీల్చుకోవడానికి పనికిరాదు గానీ, రోజుకు పదిహేనుసార్లు భూమిని చుట్టి వచ్చే ఉపగ్రహాన్ని కొంచెం కొంచెంగా కిందికి లాగడానికి సరిపోతుంది. సూర్యుడు రేగితే ఆ గాలి వేడెక్కి, పొంగి ఇంకా పైకి వస్తుంది, లాగుడు పెరుగుతుంది. సూర్యుడు నెమ్మదిస్తే తగ్గుతుంది. ఉపగ్రహం రేపెక్కడుంటుంది, ఏడాదికెక్కడుంటుంది అని కంప్యూటర్లో ముందే తిప్పి చూసే సాఫ్ట్‌వేర్‌కు ఈ సూర్యుడి సంగతులు ఒక ఫైలులో, రోజుకో వరుస చొప్పున అందించాలి.

నిరుడు పెద్ద లెక్క చేసినప్పుడు ఆ ఫైలు పాతది. దాని తారీఖులు మధ్యలోనే అయిపోయాయి. అయిపోతే సాఫ్ట్‌వేర్ ఆగదు, అరవదు. చివరి వరుసలో ఏముంటే దాన్నే పట్టుకుని మిగతా ఏళ్ళన్నీ లాగించేస్తుంది. ఆ చివరి వరుస నాటికి సూర్యుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అందువల్ల ముసలమ్మ, అంటే ఆఫీసులో అందరూ ముద్దుగా పిలుచుకునే ఆ పాత ఉపగ్రహం, ఇంకో ఆరేళ్ళు నిక్షేపంగా పైనే ఉంటుందని తేలింది. నాలుగు రోజులుగా అనుమానం తొలుస్తుంటే, ఇవాళ పొద్దున ఆఫీసుకు రాగానే గాలమ్మ కొత్త ఫైలు పెట్టి మళ్ళీ తిప్పి చూసింది. రెండేళ్ళు కూడా లేవు.

తేడా ఉంటే ఉండనీ, పై ఏడు చూసుకుందాం అనడానికి లేదు. ముసలమ్మ ట్యాంకులో మిగిలిన ఇంధనం ఆమె ఆఖరి ప్రయాణానికని దాచి ఉంచింది. దాన్ని మండించి, మనుషులెవరూ లేని నడిసముద్రంలోకి పద్ధతిగా దింపాలని. కానీ పక్క కక్ష్యలో ఇంకో ఉపగ్రహం చెడిపోయింది. దాని పని చేయించడానికి ముసలమ్మను అటు జరపాలన్నారు. జరపాలంటే దాచిన ఇంధనమంతా కావాలి. ఆరేళ్ళుందిగా, ఈలోగా కొత్త వాహనం ఒకటి వెళ్ళి పట్టుకుని దింపుతుందిలే అన్న ధైర్యంతో పైవాళ్ళు సరేనన్నారు. ఆ ధైర్యమంతా నిద్రపోయిన సూర్యుడి మీద ఆధారపడిందని వాళ్ళకు తెలియదు. ఇవాళ మధ్యాహ్నం ఆ ఇంధనం మండిస్తే, రెండేళ్ళలోపు ముసలమ్మ తనంతట తాను కిందికొస్తుంది. గాలిలో కాలిపోని ట్యాంకూ, బండరాయంత గాజు అద్దమూ ఎవరి ఇంటి కప్పు వెతుక్కుంటాయో ఎవరూ చెప్పలేరు.

ఇక గాలమ్మ మెడలోని అసలు ఉచ్చు ఇది. నిరుడు ఆ లెక్క చేసిన కక్ష్య విభాగం పెద్ద, ఇంట్లో ఆమెకు బావ. సొంత అక్క మొగుడు. అక్కా బావల ఇంట్లోనే, మేడమీది గదిలో ఉంటోంది. ఈ సంగతి ఆఫీసులో పురుగుకు కూడా తెలియదు. ఒకరు చేసిన లెక్కను ఇంకొకరు సరిచూసి సంతకం పెట్టాలి, ఆ ఇద్దరూ ఒక ఇంటివాళ్ళు కాకూడదు అని అక్కడ గట్టి నియమం. రోజూ ఒకే కారులో బయల్దేరి, గేటు కనిపించకముందే మలుపులో ఆమె దిగిపోతుంది. బావ కారు లోపలికి వెళ్ళాక, ఎవరో ఏమో అన్నట్టు ఆమె నడుచుకుంటూ వెళుతుంది. మూడేళ్ళుగా ఇదే తంతు.

కథ ఇక్కడుంది. పదండి లోపలికి.

*

ఆ గదికో పద్ధతి ఉంది. ఉపగ్రహానికి ఆజ్ఞలు పంపే ముందు తలుపు మూసేస్తారు. ఫోన్లు బయట చెక్కపెట్టె అరల్లో పెట్టి రావాలి. పని అయ్యేదాకా లోపలివాళ్ళు బయటికి పోరు, బయటివాళ్ళు లోపలికి రారు. కడుపు నొప్పి వచ్చినా కణత నొప్పి వచ్చినా లోపలే. ఈ పద్ధతిని అక్షరం పొల్లుపోకుండా నడిపేది గడియారం సార్. చేతికో గడియారం, బల్ల మీద ఇంకొకటి, గోడకు నాలుగు పెట్టుకుని, వాటిలో ఏ రెంటికీ తేడా వచ్చినా అన్నం సహించని మనిషి.

గడియారం సార్ ముందు వరసలో తన కాగితాలు సర్దుకుంటున్నాడు. పక్కన ఇంధనం సంగతి చూసే ట్యాంకు బాబాయి చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, మైకులో "హలో హలో" అని తన గొంతు తనే వినుకుని మురిసిపోతున్నాడు. వయసులో అందరికంటే పెద్దవాడు కాబట్టి ఊరందరికీ బాబాయే.

గది వెనక అద్దాల గదిలోంచి బావ వేలితో పిలిచాడు. గాలమ్మ రెండు కాగితాలు పట్టుకుని లేచింది.

ఆ అద్దాల గది గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. లోపల మాట్లాడింది బయటికి వినపడదు. కానీ అంతా కనపడుతుంది. అందుకని అందులో పోట్లాడుకునేవాళ్ళు మొహాలు మామూలుగా పెట్టుకుని పోట్లాడుకోవాలి.

"ముందు కూర్చో. ఆ మొహం మార్చు, అందరూ చూస్తున్నారు," అన్నాడు బావ. ఒక ఫైలు తెరిచి ముందు పెట్టుకుని, ఏదో పాఠం చెబుతున్నట్టు పెన్ను దాని మీద ఆడిస్తున్నాడు.

"సార్, కొత్త ఫైలు పెట్టి మళ్ళీ రన్ చేశాను." ఆఫీసులో ఆమెకు అతను సారే. "మీరు పొద్దుట్నుంచీ దొరకలేదు. రెండుసార్లు మీ గదికొచ్చాను. చూడండి సార్ ఇది."

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. ఒకదాని మీద గీత నెమ్మదిగా వాలుతూ కాగితం చివరిదాకా వెళ్ళింది. రెండోదాని మీద గీత సగం కూడా పోకుండానే తల వంచేసి నిట్టనిలువునా పడిపోయింది. ఆ గీత చూస్తే చదువు రానివాడికి కూడా గుండె జారుతుంది.

బావ కాగితాల వంక చూడలేదు.

"ఒకసారి చూడండి సార్."

"చూశాను."

"ఇప్పుడే కదా తెచ్చాను, ఎప్పుడు చూశారు?"

"ఆ రన్ నేనూ చేశాను." పెన్ను ఆగలేదు. "చాలా రోజులైంది."

గాలమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమైనా నమ్మబుద్ధి కాలేదు. పొద్దుటినుంచి ఆమె భయపడింది వేరే. పాపం బావకు ఈ మాట ఎలా చెప్పాలి, విని ఎంత కుంగిపోతాడో అని. మెత్తగా ఎలా చెప్పాలో వాక్యాలు కూడా కూర్చుకుంది. ఆ వాక్యాలన్నీ ఇప్పుడు నోట్లోనే చల్లారిపోయాయి.

"ఎప్పుడు తెలిసింది?" అంది. సార్ అన్న మాట రాలేదు.

"నవ్వుతూ మాట్లాడు. బాబాయి ఇటే చూస్తున్నాడు."

ఆమె నవ్వింది. అలాంటి నవ్వు నా పగవాళ్ళకు కూడా వద్దు.

"ఎప్పుడు తెలిసింది బావా?"

ఆఫీసు గోడల మధ్య ఆ మాట మూడేళ్ళలో మొదటిసారి పలికింది. బావ పెన్ను ఆగింది. కానీ జవాబు అతను చెప్పక్కర్లేకపోయింది. ఆమెకే గుర్తొచ్చింది.

*

ప్రతి సోమవారం గాలమ్మకు ఒక చిన్న పని ఉంటుంది. ముసలమ్మ నిజంగా ఎక్కడుందో రాడార్లు చెబుతాయి. సాఫ్ట్‌వేర్ ఎక్కడుంటుందని చెప్పిందో దానితో పోల్చి చూడాలి. రెండూ కలవకపోతే, కలిసేదాకా ఒక అంకెను సవరించాలి. పుస్తకాల్లో దాన్ని రాపిడి గుణకం అంటారు, ఆఫీసులో సీడీ అంటారు. ఉపగ్రహం ఒళ్ళు గాలికి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె అది. ఉపగ్రహం ఆకారం మారదు కాబట్టి ఆ అంకె కూడా అటూ ఇటూగా ఒకచోటే ఉండాలి. ఒక వారం పెరిగితే ఇంకో వారం తగ్గాలి.

ముసలమ్మ సీడీ తగ్గలేదు. ప్రతి సోమవారం కాస్త పెంచాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో నిద్రపోతున్న సూర్యుడు నిజంగా ఆకాశంలో మండిపోతున్నాడు కాబట్టి పైన గాలి పొంగుతోంది, ముసలమ్మ అనుకున్నదానికంటే ఎక్కువ జారుతోంది. ఆ తప్పంతా పాపం ఈ అంకె నెత్తిన పడుతోంది. మనవాళ్ళకు అది తట్టలేదు. వారం వారం జరిగే పని మీద ఎవరికీ అనుమానం రాదు. పైగా గాలమ్మకు నోటి దురద ఒకటి. "ముసలమ్మ మళ్ళీ లావెక్కిందండీ," అని ఒక సోమవారం అంది. అందరూ విరగబడి నవ్వారు. ఆ తర్వాత ప్రతి సోమవారం ట్యాంకు బాబాయి తనే వచ్చి, "ఏమ్మా, ఈ వారం మా ఆవిడ ఎంత పెరిగింది?" అని అడిగేవాడు. నవ్వుకోవడంలోనే నెలలు గడిచాయి. ఒళ్ళు చేయడానికి ఉపగ్రహం అన్నం తింటుందా అని ఒక్కరూ అడగలేదు. అడగాల్సింది మొట్టమొదట తనే కదా అని గాలమ్మ పొద్దుటినుంచి తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

ఆ పరాచికం ఆమె ఇంట్లో కూడా ఆడింది. భోజనాల దగ్గర. అక్క వడ్డిస్తోంది.

"బావా, నీ ముసలమ్మ లావెక్కుతూనే ఉంది. ఇవాళ కూడా సీడీ పెంచాను. ఇలా అయితే ఆవిడకు కొత్త బట్టలు కుట్టించాలి."

అక్క పకపకా నవ్వింది. బావ నవ్వలేదు. ముద్ద పట్టుకున్న చేయి కంచంలోనే ఆగిపోయింది. కాసేపటికి లేచి చేయి కడిగేసుకున్నాడు.

"అదేంటి, కూరలో ఉప్పెక్కువైందా?" అంది అక్క.

"ఆకలిగా లేదు," అని గదిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆఫీసులో పిలిచి, "ఆ సీడీ సంగతి పట్టించుకోకు. పాత ఉపగ్రహాలకు అంతే. రాడార్‌తో కలిసేదాకా పెంచుతూ పో," అన్నాడు. పెద్దవాడు, అనుభవం ఉన్నవాడు, పైగా బావ. పెంచుతూ పోయింది.

*

"ఆ భోజనాల రోజు," అంది గాలమ్మ.

బావ తలూపాడు. చూసేవాళ్ళకు ఏదో లెక్క ఒప్పుకున్నట్టుంది.

"ఆ రోజు నువ్వు నవ్వులాటకి అన్నావు. నాకు ఒళ్ళు జల్లుమంది. మర్నాడు వచ్చి మొదట ఆ ఫైలే చూశాను. చివరి తారీఖు చూడగానే తెలిసిపోయింది."

"తెలిసి, నన్ను పెంచుతూ పొమ్మన్నావా?"

"అప్పటికే పైవాళ్ళ మీటింగు అయిపోయింది చిన్నా. ఆరేళ్ళని నా నోటితో నేనే చెప్పాను, నిలబడి, బోర్డు మీద గీత గీసి మరీ. తర్వాతి వారం చెబుదామనుకున్నాను. ఆ వారం ఇంధనం ప్లాను ఓకే చేశారు. ఆ పై వారం చెబుదామనుకున్నాను..." గొంతు సవరించుకున్నాడు. "వారం గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. నీకు తెలీదులే."

చిన్నా అన్నది ఇంట్లో ఆమె పిలుపు. ఆ పిలుపు వింటే ఆమెకు ఇన్నాళ్ళూ కొండంత అండ ఉన్నట్టుండేది. ఇప్పుడు మాత్రం ఒంటికి చీమలు పాకినట్టయింది.

"అయితే ఇప్పుడు చెప్పు. ఇంకా మించిపోలేదు కదా."

"నువ్వు చేసింది మాత్రం ఖాయమా? రేపు సూర్యుడు ఎలా ఉంటాడో నీకు తెలుసా? చల్లబడితే? నాలుగేళ్ళు రావచ్చు, అయిదేళ్ళు రావచ్చు. నీదీ ఊహే, నాదీ ఊహే."

"ఊహే. కానీ నేను కళ్ళు తెరిచి ఇవాళ్టి సూర్యుణ్ణి చూసి ఊహించాను. నీది పడుకున్నవాణ్ణి చూసి వీడిక లేవడులే అనుకోవడం."

బావ మొహంలో నవ్వు చెదిరింది. వెంటనే సర్దుకున్నాడు.

"సరే. ఆపావనుకో. విచారణ వేస్తారు. లెక్క నాది. వారం వారం సవరణ నీది. సరిచూసిన సంతకం మళ్ళీ నాది. మనిద్దరం ఏమవుతామని అడుగుతారు. అడిగితే ఏం చెబుతావు? ఒక కారులో వస్తామనీ, ఒక బల్ల మీద తింటామనీ చెబుతావా? నా ఉద్యోగం పోతుంది, నీదీ పోతుంది. ఈ రంగంలో మళ్ళీ ఎవడూ గడప తొక్కనివ్వడు. మీ అక్క మొహం ఎలా చూస్తావు? నిన్ను ఇక్కడ వేయించమని నా ప్రాణం తీసింది అది. చుట్టరికం చెప్పొద్దన్నదీ అదే."

అక్క మాట ఎత్తేసరికి గాలమ్మకు పొద్దుటి ఫలహారాల బల్ల గుర్తొచ్చింది. అక్క పళ్ళ డాక్టరు. మనుషుల కళ్ళకంటే దవడలు ఎక్కువ చూస్తుంది. "ఇంట్లో ఇద్దరు పళ్ళు కొరుకుతున్నారు. ఒకరి దవడ వాచింది, ఇంకొకరి పన్ను అరిగింది. నాకు చెప్పకుండా ఇద్దరూ కలిసి ఏం నములుతున్నారు?" అంది. ఇద్దరూ ఒకేసారి "ఏం లేదు" అన్నారు. సాయంత్రం తొందరగా రండి, ముగ్గురం కలిసి తిందాం అని గుమ్మం దాకా వచ్చి చెప్పింది.

ఆ ఇంటి తలుపు ఇక మూసుకున్నట్టే. ఈ తలుపూ మూసి ఉంది. అక్కడికి వెళితే అక్క, ఇక్కడుంటే బావ. ఎటు తిరిగినా ఇంటివాళ్ళే అడ్డం. పరాయివాళ్ళతో చిక్కొస్తే మనిషి ఇంటికి పారిపోవచ్చు. ఇంటితోనే చిక్కొస్తే ఎక్కడికి పోవాలో నాకూ తెలియదు.

"నువ్వు రెడీ అంటే నేను లేచి అరుస్తాను," అంది.

"అరుచుకో. మైకు లేని అరుపు ఈ గదిలో లెక్కలోకి రాదు. పిలుపులో నీ బల్ల పేరే లేదు. కక్ష్య విభాగానికి ఒకటే గొంతు, అది నాది. గడియారం సార్ నిన్ను కూర్చోమంటాడు, పని కానిస్తాడు."

అది నిజం. ఆజ్ఞ పంపే ముందు గడియారం సార్ ఒక్కో విభాగాన్నీ పిలుస్తాడు. రెడీ అంటే ముందుకు పోతారు. ఎవరైనా హోల్డ్ అంటే మరు మాట లేకుండా అంతా ఆగిపోవాలి. కానీ ఆ మాట అనే హక్కు పిలిచిన గొంతుకే. గాలమ్మకు ఆ హక్కు లేదు. ఫోను లేదు, మైకు లేదు, పోవడానికి దారి లేదు.

ఆమె లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అద్దాల అవతల జనం ఉన్నారు కాబట్టి వాటిని అక్కడే ఆపుకుంది.

"సరే బావా. అయితే ఆ రెడీ నువ్వే అను. నీ పక్కనే నిలబడి వింటాను. కింద ఎవరి ఇల్లు ఉంటుందో తెలియకుండా, అది పడుతుందని తెలిసి కూడా, ఎలా అంటావో చూస్తాను."

బావ ఫైలు మూశాడు.

*

"పవర్?" అన్నాడు గడియారం సార్.

"రెడీ."

"దిశ?"

"రెడీ."

"ఫ్యూయల్?"

"రెడీ," అన్నాడు ట్యాంకు బాబాయి. "ఇది కాలిస్తే గ్లాసు అడుగున మిగిలినంతే మిగులుద్ది, ముందే చెబుతున్నా."

"రెడీ అంటే చాలు బాబాయ్. ఆర్బిట్?"

బావ కుర్చీలో ఉన్నాడు. అన్న మాట ప్రకారం గాలమ్మ పక్కనే నిలబడింది. అతని చెవి వెనక చెమట బొట్టు జారడం ఆమెకు కనిపించింది. ఏసీ చలికి అందరూ స్వెట్టర్లు వేసుకున్న గది అది.

"ఆర్బిట్?" రెండోసారి.

బావ నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. ఉన్నట్టుండి హెడ్‌సెట్ తలమీంచి తీసి, ఆమె చేతిలో పెట్టేశాడు. "నువ్వే చెప్పు," అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా.

అది మంచితనమా, తప్పించుకోవడమా అని నన్నడగకండి. రాస్తున్నది నేనే అయినా నాకూ తేలలేదు. చచ్చీ చెడీ తన నోటితో అబద్ధం ఆడలేకపోయాడని అనుకోవచ్చు. ఏ మాటైనా ఆమె గొంతులోనే రికార్డు కానీ, నేను చల్లగా పక్కకు తప్పుకుంటానన్నాడని కూడా అనుకోవచ్చు. ఆమెకు అంత ఆలోచించే వ్యవధి లేదు. హెడ్‌సెట్ ఇంకా వెచ్చగా ఉంది.

"ఆర్బిట్!" మూడోసారి. గడియారం సార్ తల తిప్పి చూశాడు.

"హోల్డ్," అంది గాలమ్మ.

గడియారం సార్ వేలు మీటమీద నుంచి వెనక్కి వచ్చింది. ముందు తెరమీద ముసలమ్మ చుక్క, ఏమీ ఎరగనట్టు, తన దారిన తాను పోయి అంచు దాటి దిగిపోయింది. దాచుకున్న ఇంధనం ఇవాళ్టికి దాచినచోటే ఉంది. రెండేళ్ళ తర్వాత కూడా ఏదో ఊళ్ళో ఎవరో కప్పు కింద నిశ్చింతగా పడుకుంటారు. వాళ్ళకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. గాలమ్మ కుర్చీ వీపు పట్టుకుంది.

కానీ తలుపు తెరుచుకోలేదు. ఎర్రలైటు అలాగే ఉంది. హోల్డ్ అన్నవాళ్ళు, రికార్డు నడుస్తుండగానే, అందరి ముందూ కారణం చెప్పాలి. అప్పటిదాకా తలుపు తీయరు.

"కారణం చెప్పమ్మా," అన్నాడు గడియారం సార్.

చెప్పింది. ఫైలు, చివరి వరుస, నిద్రపోయిన సూర్యుడు, రెండేళ్ళు. తడబడకుండా చెప్పింది. చేసింది ఎవరన్నది మాత్రం దాటేసింది. ట్యాంకు బాబాయి నోరు తెరుచుకుని విన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ తేడా కనపడలేదా? వారం వారం రాడార్‌తో చూస్తారు కదా?"

గాలమ్మ జవాబు చెప్పేలోపు వెనకనుంచి బావ గొంతు వినిపించింది. పక్క బల్ల మైకు లాక్కుని, నిదానంగా, బాధపడుతున్న పెద్దమనిషిలా అన్నాడు.

"తేడా కనపడింది సార్. ఈ అమ్మాయే సీడీ పెంచుకుంటూ పోయింది. పెంచుతున్నప్పుడే పైకి చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు."

అందులో మొదటి సగం నిజం. నిజం పక్కన అబద్ధాన్ని అతికించడం ఎలాగో నేర్చినవాళ్ళు చేసే పని అది. గాలమ్మ వెనక్కి తిరిగి అతన్ని చూసింది. మూడేళ్ళుగా ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చిన మనిషి. అతను ఆమె కళ్ళలోకి చూడలేదు, గోడ గడియారం చూస్తున్నాడు. గుండెలో ఏదో పుటుక్కున తెగింది, తెగిన చోట నొప్పి మాత్రం వెంటనే రాలేదు.

"పెంచింది నువ్వేనా అమ్మా?"

"నేనే సార్. ప్రతి సోమవారం."

"పెరుగుతోందని పైన ఎవరికైనా చెప్పావా?"

"చెప్పాను సార్. ఆర్బిట్ హెడ్‌గారికి చెప్పాను."

గదిలో తలలన్నీ అటు తిరిగాయి. బావ మొహం పాలిపోయింది. గడియారం సార్ తన కాగితం మీద రాసుకుని, కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. అతనికి ఏదైనా సరే, ఎప్పుడు, ఎక్కడ అని రెండు గడులూ నిండాలి.

"ఎక్కడ చెప్పావు? సోమవారం మీటింగులోనా, ఆయన గదిలోనా?"

ఎక్కడ! గాలమ్మ కళ్ళ ముందు ఇంట్లో భోజనాల బల్ల, ముగ్గురి కంచాలు, నవ్వుతూ గరిటె పట్టుకుని నిలబడ్డ అక్క కనిపించారు. మీటింగులో అంటే అబద్ధం. ఆయన గదిలో అంటే అబద్ధం. ఉన్నదున్నట్టు చెబితే ఆ బల్లా, ఆ ఇల్లూ, అక్కా అందరూ ఈ గదిలోకి, ఈ రికార్డులోకి వచ్చి పడతారు.

"ఎక్కడమ్మా?"

ఆమె ఊపిరి పీల్చుకుంది. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఆమె ఏం చెప్పబోతోందో ఆ గదిలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కడూ, బావ, కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉందని మరిచిపోయాడు.

"చిన్నా, వద్దే! మీ అక్క..."

మిగతాది మింగేశాడు. కానీ ఆ నాలుగు మాటలూ అప్పటికే అందరి చెవుల్లోకీ, రికార్డులోకీ చేరిపోయాయి.

ట్యాంకు బాబాయి హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు. బావను చూశాడు, గాలమ్మను చూశాడు, మళ్ళీ బావను చూశాడు.

"చిన్నా ఏంటయ్యా?" అన్నాడు. "ఈ పిల్ల అక్క నీకేమవుద్ది?"